రెండు అరుగుల వియ్యంకుడు

గువ్వలదిబ్బలో తెలివైన వాళ్ళెవరని మీరు పనిగట్టుకుని అడగక్కర్లేదు. ఊళ్ళో అడుగుపెడితే చాలు, గుర్నాథమే ఎదురొచ్చి చెప్తాడు.

"తెలివంటారా? అది మా ఇంట్లో పుట్టింది, మా ఇంట్లోనే పెరిగింది, గడప దాటితే ఎండ తగుల్తుందని మా ఇంట్లోనే ఉండిపోయిందండీ!"

ఆయన భార్య వెంకాయమ్మ పక్కనుంచి, "అవునండీ, మేమే బయటికి పోనివ్వం" అంటుంది. కొడుకు అబ్బులు వెనకాల నిలబడి తలూపుతాడు. తలూపడంలో అబ్బులుని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

వాళ్ళ తెలివి ఏపాటిదో ఒక్క ముక్కలో చెప్తాను. ఎదురింటి నరసయ్య బంధువుల పెళ్ళికి పోతూ, "గుర్నాథం, కాస్త మా ఇల్లు చూస్తూ ఉండు" అన్నాడు. అంతే. ముగ్గురూ వీధిలో పీట వేసుకుని కూర్చుని నరసయ్య ఇంటివంక రెప్ప వాల్చకుండా చూశారు. గుర్నాథం కళ్ళు నొప్పెడితే వెంకాయమ్మ చూసింది, వెంకాయమ్మకి కునుకొస్తే అబ్బులు చూశాడు. ఈలోగా దొంగ పెరటి గోడ దూకి ధాన్యం బస్తాలు తలుపులోంచే బయటికి మోసుకొచ్చాడు. వీళ్ళ ముందునుంచే మోసుకుపోయాడు. ఆఖరి బస్తా బరువుగా ఉందంటే అబ్బులు ఓ చెయ్యి కూడా వేశాడు. నరసయ్య వచ్చి నెత్తి బాదుకుంటే గుర్నాథానికి ఒళ్ళు మండింది. "ఇల్లు చూడమన్నావు, చూశాం. ఇదిగో, ఒక్క పెంకు కూడా కదల్లేదు. బస్తాలు కూడా చూడమని ముందే ఏడవొద్దూ?" అన్నాడు. నరసయ్య మర్యాదస్తుడు. పళ్ళు కొరుక్కుని, "నాదే పొరపాటు" అని లోపలికి పోయాడు. "చూశావా, తప్పు ఒప్పుకున్నాడు" అని గుర్నాథం మీసం దువ్వుకున్నాడు.

ఇంత తెలివి ఉన్న ఇంట్లో ఒకే ఒక్క కొరత. అబ్బులుకి పెళ్ళి కావడం లేదు.

ఒక సంబంధం వాళ్ళు, "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగారు. అడిగితే చెప్పొద్దూ? గుర్నాథం ఊరి పొలిమేర దాటిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, దారిలో కనబడ్డ ప్రతి గొర్రెనీ వర్ణిస్తూ దీపాలు పెట్టేవేళకి సగం దారికి వచ్చాడు. అప్పటికి పిల్ల తరఫువాళ్ళు దొడ్డిదారిన జారుకున్నారు. ఇంకో చోట పిల్ల పాట పాడితే, "ఎలా ఉందండీ పాట?" అని అడిగారు. వెంకాయమ్మ, "గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది, వీపు మీద ఒకటి చరవండి" అంది. ఆ సంబంధమూ అంతే సంగతులు.

ఆ రెండూ పోయినందుకు అబ్బులు ఏమీ బాధపడలేదు. ఎందుకంటే వాడి మనసు అప్పటికే పెసరలంక సంతలో పడిపోయింది. అక్కడ వాడు వంకాయలు అమ్ముతుంటే ఓ అమ్మాయి వచ్చి, "లేతవేనా?" అని అడిగింది. "కాదు, ముదిరినవే. లేతవి మేం వండుకు తినేశాం" అన్నాడు వాడు. ఆ అమ్మాయి పకపకా నవ్వి, ముదురు వంకాయలే బుట్టలో వేయించుకుని వెళ్ళింది. పేరు మాణిక్యం. ఆ నవ్వు అబ్బులు చెవుల్లోంచి పోలేదు. ఆ పిల్లే కావాలి, ఇంకెవరూ వద్దు అని వాడు వెంకాయమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాడు. మీసాలొచ్చినవాడు అలా ఏడిస్తే ఏ తల్లి చూడగలదు?

గుర్నాథం అక్క పున్నమ్మ పొరుగూరి నుంచి వచ్చి ముగ్గుర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది. ఆ వంశంలో పుట్టాల్సిన తెలివంతా ఆవిడకొక్కదానికే వచ్చింది, తమ్ముడికి మిగల్లేదు.

"ఒరేయ్ గుర్నాథం, ఆ మాణిక్యం తండ్రి, పెసరలంక కోటిలింగం గారు, మహా మర్యాదస్తులు. ఆ ఇంట్లో కాకి కూడా కబురంపి వాలుతుంది. ఈ సంబంధం గనక చెడగొట్టారో, అబ్బులుకి ఈ జన్మకి పెళ్ళి కాదు. అక్కడ మీ సొంత తెలివి వాడొద్దు. ఆ పెద్దాయన ఏమంటే దానికి సరే అనండి. ఆయన మాట జవదాటకండి. తెలిసిందా?"

"తెలిసింది అక్కా. ఆయన మాటే మాకు వేదం" అన్నాడు గుర్నాథం. అబ్బులు మూడుసార్లు తలూపాడు.

మంచిరోజు చూసుకుని పెసరలంక వెళ్ళారు. పున్నమ్మకి ఆవేళే మోకాళ్ళు పట్టేసి రాలేకపోయింది. ఖర్మ అంటే అదే మరి.

కోటిలింగం గారు గుమ్మంలో నిలబడి చేతులు జోడించి, "రండి రండి, దయచేయండి. మొహమాటపడకండి. ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నారు.

గుర్నాథం గుమ్మంలోనే ఆగిపోయాడు. పెళ్ళాం వంక చూశాడు, కొడుకు వంక చూశాడు. "విన్నారుగా? పెద్దాయన మాట" అన్నాడు. ఇంకేముంది! తన చొక్కా విప్పి, గోడ కొయ్యకున్న కోటిలింగం గారి చొక్కా తీసి కింద పడేసి, తనది ఆ కొయ్యకి తగిలించాడు. మంచం వాల్చుకుని కాళ్ళు చాపి, "ఏమేవ్, మజ్జిగ పట్టుకురా! ఇంతసేపా?" అని కేక పెట్టాడు. వెంకాయమ్మ అప్పటికే వంటింట్లో ఉంది. అక్కడ ఉప్పుజాడీ ఎడమవైపు ఉంటే, "మన ఇంట్లో కుడివైపు కదా ఉండాలి" అని జాడీలన్నీ తారుమారు చేస్తోంది. పొయ్యి ముందు ఉన్న మాణిక్యం తల్లిని చూసి, "ఎవరమ్మా నువ్వు, చెప్పాపెట్టకుండా మా వంటింట్లోకి వచ్చావు? సరేలే, వచ్చినదానివి ఎలాగూ వచ్చావు, ఆ ఉల్లిపాయలు తరుగు" అంది. ఆవిడ కూడా మర్యాదస్తురాలే. కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరిగింది.

అబ్బులు మాత్రం ఏం చెయ్యాలో తెలియక కాసేపు నిలబడ్డాడు. ఆ వేళకి ఇంటిదగ్గర ఏం చేస్తాడు? గేదెని కడుగుతాడు. అంతే, దొడ్లోకి పోయి గేదెని విప్పి కాలవకి తోలుకుపోయాడు.

వాడు గేదె వీపు రుద్దుతుండగా గట్టు మీద నుంచి ఓ గొంతు వినిపించింది. "ఏమయ్యోయ్! మా గేదెని ఎక్కడికి తోలుకొచ్చావు?"

చూస్తే మాణిక్యం. పెళ్ళిచూపులకని కట్టిన పట్టుచీర మోకాళ్ళదాకా ఎగదోపి, చేత్తో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. అబ్బులు గుండె గేదె డొక్కలా ఎగిరెగిరి పడింది.

"మీ గేదె కాదు, మా గేదె" అన్నాడు నెమ్మదిగా. "మీ నాన్న ఇది మా ఇల్లే అనుకోమన్నాడు. ఇల్లు మాదైతే గేదె పక్కింటివాళ్ళదవుతుందా?"

మాణిక్యం కర్ర పారేసి గట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "నువ్వు సంతలో వంకాయల అబ్బాయివి కదూ?"

"అవును."

"నీకు నేను నచ్చానా? ఉన్నదున్నట్టు చెప్పు."

"నచ్చావు. సంతలో చూసినప్పటినుంచీ అన్నం సయించడం లేదు. తింటున్నాననుకో. రెండు పూటలా తింటున్నాను. కానీ సయించడం లేదు."

ఆ పిల్ల నవ్వడం మానేసి వాడివంక చూసింది. "మా ఇంట్లో అనుకున్నమాట ఒక్కరూ అనరయ్యా. మా మేనత్త వస్తే మా అమ్మ 'అప్పుడే వెళ్తావా వదినా, ఇంకో నాలుగు రోజులుండు' అంటుంది. వంటింట్లోకొచ్చి 'ఎప్పుడు కదులుతుందో మహాతల్లి' అంటుంది. నన్ను చూసి పోయిన ప్రతివాడూ 'మహాలక్ష్మిలా ఉంది' అన్నవాడే, మళ్ళీ మొహం చూపించలేదు. ఏ మాట పట్టుకోవాలో తెలీక నాకు చిన్నప్పటినుంచీ తల తిరుగుతోంది. నీ దగ్గర ఆ తంటా లేదు. నన్నే చేసుకుంటావా?"

"నేను చేసుకుంటాను. అయితే మీ నాన్న మాట జవదాటకూడదు. ఆయన ఏమంటాడో" అన్నాడు అబ్బులు బెంగగా. ఇద్దరూ చెరోవైపు గేదెని కడిగి ఇంటికి తోలుకొచ్చారు.

ఇంటిదగ్గర భోజనాలు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వచ్చినవాళ్ళు చాలు చాలు అనేదాకా వడ్డించడం ఇంటివాళ్ళ మర్యాద. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు అనడం వచ్చినవాళ్ళ మర్యాద. లోకం అంతా ఇలాగే నడుస్తోంది, ఎవరి కడుపూ పగల్లేదు. కానీ పున్నమ్మ చెప్పింది వేరు కదా. కోటిలింగం గారు, "ఇంకో నాలుగు గారెలు వేసుకోండి" అన్నారు. మాట జవదాటకూడదు. గుర్నాథం వేసుకున్నాడు. "అయ్యో, అప్పుడే ఆపేశారేం, ఇంకో నాలుగు" అన్నారు. వేసుకున్నాడు. "పులిహోర ముట్టనేలేదు." ముట్టాడు. "బూరెలు?" సరే. వాళ్ళు చాలనే వరకూ అడగడం ఆపకూడదని కోటిలింగం గారు, ఆయన అడగడం ఆపేవరకూ తినడం ఆపకూడదని గుర్నాథం.

వంటింట్లో గిన్నెలు గోకిన చప్పుడు వినిపించింది. మాణిక్యం తల్లి దొడ్డిదారిన పక్కింటికి పోయి అన్నం అడిగి తెచ్చింది. అదీ అయిపోయింది. అవతలి వీధికి పోయి పెరుగు తెచ్చింది. గుర్నాథానికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కోటిలింగం గారికీ తిరుగుతున్నాయి.

"ఇంకొంచెం..." అన్నారు ఆయన నీరసంగా.

"తమ ఆజ్ఞ" అన్నాడు గుర్నాథం అంతకంటే నీరసంగా. "ఏమే వెంకాయమ్మా, నేను పోతే అబ్బులు పెళ్ళి మాత్రం ఆపొద్దే!"

ఆఖరికి మాణిక్యమే తలుపు చాటునుంచి, "నాన్నా, తినడం ఆపమని చెప్పు!" అని అరిచింది. కోటిలింగం గారు తన జన్మలో అనని మాట అన్నారు. "ఆపండి!" గుర్నాథం టక్కున ఆపి ఆయన రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు.

తర్వాత మాటలు మొదలయ్యాయి. కోటిలింగం గారు గొంతు సవరించుకుని, మర్యాదస్తులు మాట్లాడే తీరులోనే మాట్లాడారు. "ఏదో, మాకున్నది ఈ పూరిపాక."

మేడకట్టు పెంకుటిల్లు అది. గుర్నాథం దూలాలవంక చూసి, "తమరన్నాక పాకేనండి" అన్నాడు.

కోటిలింగం గారు కొంచెం తడబడ్డారు. "పిల్లకి పనీపాటా కూడా అంతగా రాదు."

"రాదండి" అన్నాడు గుర్నాథం.

"ముందే రాదనుకున్నాను. ఉల్లిపాయలు కూడా ఆ వచ్చినావిడే తరిగింది" అంది వెంకాయమ్మ.

కోటిలింగం గారి ముక్కు ఎర్రబడింది. అయినా మర్యాద వదల్లేదు. "పెద్ద అందగత్తె అని కూడా మేం చెప్పుకోం."

"చెప్పుకోకండి. అందగత్తె కాదు" అని గుర్నాథం ఒప్పేసుకున్నాడు.

సంబంధం తెగిపోవడానికి ఇంకో మాట చాలు. అప్పుడు అబ్బులు లేచి నిలబడ్డాడు. పున్నమ్మత్తకి ఇచ్చిన మాట ఒకవైపు, కాలవగట్టు మీది నవ్వు ఒకవైపు. "కాదండీ! తమరు తప్పు చెప్తున్నారు. మాణిక్యం చాలా బావుంటుంది. ఎంత బావుంటుందంటే, నేను చెప్పలేను. గేదెని కూడా బాగా కడుగుతుంది" అన్నాడు.

"పెద్దాయన మాటకి ఎదురు చెప్తావురా!" అని గుర్నాథం వాడి డొక్కలో పొడిచాడు. కానీ కోటిలింగం గారి ముక్కు మళ్ళీ మామూలు రంగుకొచ్చింది. లోపల మాణిక్యం తల్లితో, "ఈ అబ్బాయినే చేసుకుంటాను. ఇంకెవరినైనా తెచ్చారో, నిజంగా పూరిపాక వేసుకుని పోతాను" అంది. పెళ్ళిచూపులంటేనే విసిగిపోయిన పిల్ల నోట ఆ మాట వచ్చాక ఇక తల్లిదండ్రులు ఏం చేస్తారు? ఒప్పుకున్నారు. అబ్బులు ఆనందం పట్టలేక మళ్ళీ వెళ్ళి గేదెని ఇంకోసారి కడిగాడు.

పెళ్ళి దివ్యంగా జరిగింది. పున్నమ్మ పక్కనే కూర్చుని ముగ్గురినీ గిల్లుతూ ఉండడంవల్ల ఏ పొరపాటూ జరగలేదు. జరిగిందల్లా అప్పగింతల దగ్గర జరిగింది. పాలల్లో చేతులు ముంచి, మాణిక్యం చేతులు గుర్నాథం చేతుల్లో పెట్టి, కోటిలింగం గారు వెక్కివెక్కి ఏడుస్తూ, "బావగారూ, ఇక ఈ పిల్ల మీ కోడలు కాదు. మీ కూతురే అనుకోండి. మీ కడుపున పుట్టినదానిలా చూసుకోండి" అన్నారు.

అందరూ కన్నీళ్ళు తుడుచుకున్నారు. గుర్నాథం మాత్రం ఆ మాట జాగ్రత్తగా తలపాగాలో మూట కట్టినట్టు దాచుకున్నాడు. పున్నమ్మ, "ఇక గట్టెక్కారు" అనుకుని పెళ్ళిపందిట్లోనుంచే తన ఊరు వెళ్ళిపోయింది.

గువ్వలదిబ్బ చేరగానే వెంకాయమ్మ కోడలిని కావలించుకుని భోరుమంది. "ఎన్నాళ్ళకి మనకో ఆడపిల్ల పుట్టిందయ్యా!"

"అవునే. పుట్టడం కూడా ఎదిగే పుట్టింది. పెంచే పని కూడా లేదు" అన్నాడు గుర్నాథం.

"మరి నా పెళ్ళాం ఏదీ?" అన్నాడు అబ్బులు.

"ఛీ! చెల్లెలిని పట్టుకుని పెళ్ళాం అంటావా? నోరు కడుక్కురా!" అని వెంకాయమ్మ కసిరింది.

అబ్బులు నోరు కడుక్కొచ్చాడు. కడుక్కున్నాడు గానీ, వాడి గుండె చెరువయింది. ఎంత కష్టపడి ఎన్ని గారెలు తిని సంపాదించుకున్న పెళ్ళాం! మాణిక్యం మొదట నవ్వింది, తర్వాత "మామయ్యగారూ, అది మాటవరసకి అన్నారండీ" అని బోధపరచబోయింది. "మామయ్య కాదమ్మా, నాన్న అనాలి. మీ పాత నాన్నగారి మాట మేం జవదాటం" అన్నాడు గుర్నాథం. ఆ రాత్రి అబ్బులు పడక వీధి అరుగు మీదకి మారిపోయింది.

తెల్లారేసరికి గుర్నాథానికి ఇంకో దిగులు పట్టుకుంది. "ఏమే, ఎదిగిన పిల్లని ఇంట్లో పెట్టుకున్నాం. నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? సంబంధాలు చూడొద్దూ?"

"నాకూ అదే బెంగగా ఉందయ్యా. ముద్ద దిగడం లేదు" అంది వెంకాయమ్మ.

గోడ పక్కన నిలబడి విన్న అబ్బులుకి ఏడుపు ముంచుకొచ్చింది. "మాణిక్యం, నిన్ను ఇంకెవరికో ఇచ్చేస్తారట" అన్నాడు.

"ఏడవకు. వాళ్ళ దారిలోనే పోయి వాళ్ళని పట్టుకుంటాను" అంది మాణిక్యం. నేరుగా గుర్నాథం దగ్గరికి వెళ్ళి, "నాన్నగారూ, దూరపు సంబంధాలెందుకు? ఈ ఊళ్ళోనే గుర్నాథం గారని ఒకరున్నారట, ఆయనకి అబ్బులని ఒక కొడుకున్నాడట. చూడకూడదూ?" అంది.

గుర్నాథం ఆలోచించాడు. "పేరు ఎక్కడో విన్నట్టే ఉంది. కానీ ఆ గుర్నాథం నేనే కదమ్మా? ఇద్దరికీ నేనే తండ్రినైతే ఎలా?"

"ఒకేచోట కూర్చుంటేనే కదండీ ఆ చిక్కు? మన గుమ్మానికి అటో అరుగు, ఇటో అరుగు ఉన్నాయి. ఈ ఎడమ అరుగు మీద కూర్చున్నప్పుడు మీరు ఆడపిల్ల తండ్రి. ఆ కుడి అరుగు మీద కూర్చున్నప్పుడు మగపిల్లవాడి తండ్రి. అప్పుడు ఎవరి పిల్లలు వాళ్ళవాళ్ళే."

"ఆహా! చూశావే, పుట్టి ఒక్కరోజు కాలేదు, అప్పుడే మన తెలివి వచ్చేసింది" అని గుర్నాథం మురిసిపోయాడు.

ఇంకేముంది, పెళ్ళి మాటలు మొదలయ్యాయి. గుర్నాథం ఎడమ అరుగు మీద కూర్చుని, చేతులు జోడించి, "బావగారూ, మా అమ్మాయిని మీ అబ్బాయికి ఇవ్వాలని మా కోరిక" అన్నాడు. లేచి పరుగెత్తి కుడి అరుగెక్కి, కాలు మీద కాలేసుకుని, మీసం దువ్వి, "మాకు సమ్మతమే" అన్నాడు. మళ్ళీ ఎడమ అరుగుకి వచ్చి, "చాలా సంతోషం బావగారూ" అని కళ్ళు తుడుచుకున్నాడు. వెంకాయమ్మ రెండు అరుగుల మీదా వక్కాకు తాంబూలం పెట్టింది. అబ్బులు ఊపిరి పీల్చుకున్నాడు. వాడి మొహంలో నవ్వు కూడా వచ్చింది.

అక్కడితో ఆగినా బావుండేది. గుర్నాథం ఎడమ అరుగు మీద తాంబూలం నములుతూ నములుతూ ఆగాడు. "ఆడపిల్లని కన్నవాడిని. వాళ్ళు సరేనన్నారు కదా అని కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యడమేనా? ఊళ్ళో వాకబు చెయ్యొద్దూ? లోకం పద్ధతి ఒకటుంటుంది కదా!" అని కండువా భుజాన వేసుకుని బయల్దేరాడు.

ముందు ఎదురింటికే వెళ్ళాడు. "నరసయ్యా, ఆ గుర్నాథం కుటుంబం ఎలాంటిది?"

నరసయ్య మర్యాదస్తుడని చెప్పాను కదా. మనిషి మొహం మీద ఎవరు మాత్రం చెడు చెప్తారు? "వాళ్ళకేం, బంగారం లాంటి మనుషులు" అన్నాడు.

"అలా కాదయ్యా. నేనిప్పుడు ఆడపిల్ల తండ్రిని. ఒక పిల్ల జీవితం. మొహమాటం లేకుండా చెప్పు."

నరసయ్య అటూ ఇటూ చూశాడు. "నిజంగా మొహమాటం లేకుండానా?"

"నీకు పుణ్యం ఉంటుంది."

ఇంకేముంది, ఏళ్ళ తరబడి నరసయ్య కడుపులో మగ్గుతున్న ధాన్యం బస్తాలన్నీ ఒక్కసారి కట్టలు తెంచుకున్నాయి. ఆ కేకలు విని పక్కింటివాళ్ళు వచ్చారు. మొహమాటం లేకుండా చెప్పొచ్చని తెలిసి వీధి వీధంతా వచ్చింది. ఒకరు చెప్తుంటే ఇంకొకరు, "ఉండవోయ్, నా వంతు" అని తోసుకున్నారు. గుర్నాథం వింటున్నకొద్దీ బుగ్గలు నొక్కుకున్నాడు. "అయ్యబాబోయ్! కళ్ళముందునుంచే బస్తాలు పోతుంటే చూస్తూ కూర్చున్నారా? దొంగకి చెయ్యి కూడా వేశారా? ఇంత తెలివితక్కువ వాళ్ళని నేనెక్కడా వినలేదు!"

మొహం కందగడ్డ చేసుకుని ఇంటికొచ్చి ఎడమ అరుగు మీద చతికిలబడ్డాడు. "ఈ సంబంధం వద్దు. ఇంటిల్లిపాదీ వట్టి వెర్రివాళ్ళట. ఆ గుర్నాథం అనేవాడు మరీనట. నా తల్లిని అలాంటి కొంపకి పంపను!"

"అంత వెర్రివాళ్ళా?" అని వెంకాయమ్మ గుండెలు బాదుకుంది. "ఇంత దగ్గర్లో ఉండి మనకే తెలియలేదు చూడు!"

ఈసారి మాణిక్యానికి కూడా నవ్వు రాలేదు. అబ్బులు మొహం వంక ఒక్కసారి చూసి లోపలికి పోయింది. మూట సర్దుకుని, "లే అయ్యా. మా ఊరు పోదాం. ఇక్కడే ఉంటే మీ నాన్న నన్ను ఎవడో ఒకడికి ఇచ్చేసేలా ఉన్నాడు" అని అబ్బులు చెయ్యి పట్టుకుని పట్టపగలే నడివీధిలో నడిపించుకుపోయింది.

గుర్నాథం అరుగు మీద ఎగిరి గంతేశాడు. "అయ్యయ్యో! ఆ వెర్రి గుర్నాథంగాడి కొడుకు మా అమ్మాయిని లేవదీసుకుపోతున్నాడు! వాడి తండ్రిని నిలదీసి అడుగుతాను, ఉండు!" అని పంచె ఎగ్గట్టి కుడి అరుగు దగ్గరికి ఉరికాడు. కుడి అరుగు ఖాళీగా ఉంది. తాంబూలం మాత్రం అలాగే ఉంది. గుర్నాథం తలుపు వెనకాల చూశాడు, మంచం కింద చూశాడు, గాదెలోకి తొంగి చూశాడు. "లేడు! ఇంట్లో ఎక్కడా లేడు! తప్పు చేసినవాడు కనకనే పారిపోయాడు!" అని కేకలు పెట్టాడు.

ఆ కేక వీధి చివర ఉన్న అబ్బులు చెవిన పడింది. వాడు చెయ్యి విడిపించుకున్నాడు. "మాణిక్యం! మా నాన్న ఇంట్లో లేడట! ఎక్కడికి పోయాడో ఏమో! మనవల్లే, మన మీద బెంగతోనే పోయుంటాడు" అని ఒకటే పరుగు వెనక్కి. వెంకాయమ్మ వీధిలో పడి, "ఓరి నా మొగుడో!" అని ఏడుస్తోంది. తండ్రి, తల్లి, కొడుకు ముగ్గురూ కలిసి గుర్నాథం కోసం ఊరి మీద పడ్డారు. "మా గుర్నాథాన్ని చూశారా?" అని గుర్నాథమే ఇల్లిల్లూ అడిగాడు. ఊరివాళ్ళు చెప్పాల్సిన మాటలన్నీ పొద్దున్నే చెప్పేశారు. ఇప్పుడు తలలు మాత్రం అడ్డంగా ఊపారు.

మాణిక్యం మూట దించి, వీధి మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఊపిరంతా గుండెల్లోకి తీసుకుని, "మామయ్యగారూ!" అని ఒక్క కేక వేసింది.

"ఏమ్మా కోడలా?" అన్నాడు గుర్నాథం.

"దొరికాడు! నాన్న దొరికాడు!" అని అబ్బులు వెళ్ళి వాటేసుకున్నాడు. వెంకాయమ్మ దిష్టి తీసింది. మాణిక్యం మామగారి చెయ్యి గట్టిగా పట్టుకుని కుడి అరుగు మీద కూర్చోబెట్టింది. "మీరు ఇక్కడినుంచి కదలొద్దు మామయ్యగారూ. కదిలితే మళ్ళీ తప్పిపోతారు."

"కదలనమ్మా. నువ్వు మా కోడలివి, వీడు నా కొడుకు. ఇద్దరూ లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కుని అన్నాలు తినండి" అన్నాడు గుర్నాథం కాలు మీద కాలేసుకుని. ఆ మాట కోసమే ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్న అబ్బులు, మాణిక్యం చెయ్యి పట్టుకుని గడప దాటేశాడు.

గుర్నాథం తాంబూలం నోట్లో వేసుకున్నాడు. తీరిగ్గా నమిలాడు. ఎడమ అరుగు వంక చూశాడు. అది ఖాళీగా ఉంది. ఆయన నమలడం ఆపాడు. "ఏమే వెంకాయమ్మా, ఇందాకటిదాకా అక్కడ నిలబడి పిల్ల కోసం అంతలా ఏడ్చాడు కదే ఆ తండ్రి! పాపం ఏ నుయ్యో గొయ్యో చూసుకోలేదు కదా?"

"అయ్యో, నిజమేనయ్యా!" అని వెంకాయమ్మ చేంతాడు, గాలం పట్టుకుని నూతి దగ్గరికి పరుగెత్తింది.